డెల్టాలో డబ్బు కథ – 7: ‘సరే’ అనే అధికారం ఎవరిది?

గత భాగంలో బందరులో పుట్టిన బ్యాంకు కథ చెప్పుకున్నాం. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించి, అదే నెల 28న మచిలీపట్నంలో లావాదేవీలు మొదలుపెట్టారు. అంతకు చాలా ముందు నుంచే షరాబులు హుండీ కాగితం మీద వ్యాపారం నడిపిన తీరూ చూశాం. చూపగానే చెల్లించే దర్శనీ హుండీ అయినా, గడువు తీరాక చెల్లే ముద్దతీ హుండీ అయినా దాని ప్రాణం ఒక్కచోటే ఉండేది. దూరపు ఊళ్లో కూర్చున్న షరాబు ఆ కాగితం చూసి ‘సరే’ అనాలి. 1980 ఏప్రిల్ 15న మరో ఐదు బ్యాంకులతో పాటు ఆంధ్రా బ్యాంకు కూడా జాతీయం కావడంతో ఆ భాగం ముగిసింది.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1981లో, ఆ బ్యాంకు ఒక ప్లాస్టిక్ ముక్కను జనం చేతిలో పెట్టింది. దేశంలో క్రెడిట్ కార్డును మొట్టమొదట తెచ్చిన బ్యాంకుల్లో ఆంధ్రా బ్యాంకు ఒకటి. డైనర్స్ క్లబ్ కార్డు 1961లోనే మన దేశానికి వచ్చింది. కానీ అది పెద్ద హోటళ్లకు, విమానాల్లో తిరిగేవాళ్లకు పరిమితమైన సరుకు. 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు ఆ పని మొదలుపెట్టాక కార్డు ప్రభుత్వ రంగ బ్యాంకు కౌంటరు దాకా దిగివచ్చింది. అందులో ఒకటి కృష్ణా డెల్టా రైతుల, వర్తకుల డిపాజిట్లతో ఎదిగిన బ్యాంకు కావడం మన కథకు ముఖ్యం.

ఈ భాగంలో చెప్పబోయేది కార్డు కథ మాత్రమే కాదు, కార్డు వెనక అడిగే ప్రశ్న కథ. కొట్టులో సరుకు తీసుకున్న మనిషి కార్డు చాపుతాడు. కొట్టువాడికి ఆ మనిషి ఎవరో తెలియదు. ‘ఇతనికి సరుకు ఇవ్వచ్చా?’ అని ఎవరినో అడగాలి. ఎవరిని? ఎలా? జవాబు ఎంతసేపటికి వస్తుంది? ఆ జవాబు తప్పయితే నష్టం ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ నలభై ఏళ్ల పోరాటం నడిచింది.

ఖాతా పుస్తకం చాలినన్నాళ్లు

ఆ రోజుల్లో డెల్టాలో డబ్బు పంటతో పాటు కదిలేది. సార్వా కోతలు, నూర్పిళ్లు అయ్యాక ధాన్యం అమ్ముడై సంక్రాంతికి చేతిలో రొక్కం ఆడేది. దాళ్వా వచ్చేదాకా మళ్లీ చేబదుళ్లు. మధ్యలో పెళ్లి వస్తే బట్టలు, బంగారం, వంట సరుకు అన్నీ ఖాతా మీదే. గుడివాడలోనో, ఉయ్యూరులోనో కొట్టు యజమాని చిట్టా, ఆవర్జా ముందు పెట్టుకుని కూర్చునేవాడు. వచ్చిన మనిషి ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎన్ని ఎకరాలు, పోయిన ఏడు బాకీ ఎప్పుడు తీర్చాడు అన్నీ అతని నోటి మీద ఉండేవి. తల ఊపితే సరుకు కదిలేది, ఊపకపోతే ఆగేది.

అంటే ఆమోదం, నష్టభయం రెండూ ఒకే మనిషి నెత్తిన ఉండేవి. ‘సరే’ అన్నదీ అతనే, బాకీ ఎగ్గొడితే మునిగేదీ అతనే. ఈ ఏర్పాటుకు ఊరు చిన్నదిగా ఉండాలి, ముఖాలు తెలిసి ఉండాలి.

విజయవాడకు ఆ వెసులుబాటు లేదు. దక్షిణాదిలో పెద్ద రైల్వే జంక్షన్లలో ఒకటైన ఊరది. బీసెంట్ రోడ్డులో బట్టలు కొనే మనిషి నూజివీడు వాడు కావచ్చు, ఖమ్మం వాడు కావచ్చు, రైలు మారడానికి దిగిన ఒరిస్సా వాడూ కావచ్చు. వన్‌టౌన్ టోకు వర్తకులు పార్టీలను ఏళ్ల తరబడి ఎరిగి అరువిచ్చేవాళ్లు. చిల్లర కొట్టులో ముఖం తెలియనివాడికి మాత్రం రొక్కమే మాట. ఆ ముఖం తెలియని మనిషి తరఫున పూచీ పడతానని ముందుకొచ్చిందే కార్డు.

కటకటమనే అచ్చు యంత్రం

ఆ తొలి కార్డుల కాలంలో కొట్లో యంత్రం అంటే తీగలూ తెరలూ ఏమీ లేవు. బల్ల మీద ఇనుప పళ్లెంలాంటి సాధనం ఒకటి ఉండేది. జిప్‌జాప్ మిషన్ అనేవాళ్లు. కార్డు మీద నంబరు, పేరు ఉబ్బెత్తుగా ఉండేవి. కార్డును పళ్లెంలో పెట్టి, మీద కార్బన్ కాగితాలున్న స్లిప్పు పరిచి, పైనున్న పిడిని ఆ కొస నుంచి ఈ కొసకు లాగితే కటకటమని అంకెలు మూడు ప్రతుల మీద పడేవి. గుమాస్తా తేదీ, మొత్తం రాసేవాడు. కొనేవాడు సంతకం చేసేవాడు. ఒక ప్రతి అతనికి, ఒకటి కొట్టుకి, ఒకటి బ్యాంకుకి.

ఈ పనిలో బ్యాంకును ఎవరూ ఏమీ అడగలేదని గమనించండి. స్లిప్పు బ్యాంకుకు చేరేసరికి సరుకు ఊరు దాటిపోయి ఉండేది. అందుకే రెండు కాపలాలు పెట్టారు. ఒకటి హాట్ లిస్టు. పోయిన కార్డులు, దొంగిలించినవి, బాకీ కట్టనివాళ్లవి నంబర్లు వరసగా అచ్చువేసి కొట్లకు పంపేవాళ్లు. గుమాస్తా వేలు పెట్టి ఆ జాబితా వెతకాలి. కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉంటే ఎంత శ్రద్ధగా వెతుకుతాడు? పైగా జాబితా అచ్చయిన మర్నాడు పోయిన కార్డు అందులో ఉండనే ఉండదు.

రెండో కాపలా ఫ్లోర్ లిమిట్. ఒక మొత్తం దాకా కొట్టువాడు ఎవరినీ అడగకుండా అమ్ముకోవచ్చు. అది దాటితే బ్యాంకుకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. అవతలివాళ్లు సరేనంటే ఒక అనుమతి సంఖ్య చెబుతారు. దాన్ని స్లిప్పు మీద రాసుకోవాలి. ఆ సంఖ్య రాసి ఉన్న స్లిప్పుకు బ్యాంకు పూచీ. పరిమితి దాటినా అడగకుండా అమ్మితే నష్టం కొట్టుదే.

చెప్పడానికి తేలికే. 1980లలో ఫోను ఎలా ఉండేదో గుర్తున్నవాళ్లకు కష్టం తెలుస్తుంది. పక్క ఊరికి ట్రంకాల్ బుక్ చేసి గంటలు కాచుకున్న కాలం. లైను దొరికినా గరగరలో అంకెలు చెప్పాలి. ‘ఆరా, ఏడా?’ అని రెండేసి సార్లు అడిగించుకోవాలి. ఈ బాధకు కొంత విరుగుడు కార్డు నంబరులోనే ఉంది. ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ 1960లో పేటెంటు పొందిన చిన్న లెక్క అది. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటిగా అంకెలను రెట్టింపు చేయాలి. తొమ్మిది దాటితే అందులోంచి తొమ్మిది తీసేయాలి. అన్నీ కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడాలి. అందుకోసమే చివరి అంకెను ఏరి పెడతారు. ఒక్క అంకె తప్పు చెప్పినా లెక్క కుదరదు. ఈనాటికీ మన జేబులో ఉన్న కార్డు నంబర్లు ఆ లెక్కకు కట్టుబడే ఉంటాయి.

ఫ్రెస్నో నేర్పిన గుణపాఠం

ఈ ఫోను గొడవ మనకే కాదు, కార్డు పుట్టిన దేశాన్నీ ఏడిపించింది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్లో ఒక సాహసం చేసింది. ఎవరూ అడగకుండానే దాదాపు 60 వేల మందికి తపాలాలో క్రెడిట్ కార్డులు పంపింది. కొనేవాళ్లుంటే కొట్లు చేరతాయని ఆశ. కొట్లు చేరాయి, దొంగలూ చేరారు. వసూలు కాని బాకీలు అంచనాను మించిపోయాయి. బ్యాంకు లక్షల డాలర్లు పోగొట్టుకుంది. ఆ పథకం నడిపిన జోసెఫ్ విలియమ్స్ ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బ్యాంక్ ఆఫ్ అమెరికా తన కార్డు పేరును ఇతర రాష్ట్రాల బ్యాంకులకు అద్దెకిచ్చింది. దానికి పోటీగా 1966లో మరికొన్ని బ్యాంకులు జట్టుకట్టాయి. మాస్టర్‌కార్డ్ మూలాలు ఆ జట్టులోనే ఉన్నాయి. బ్యాంకులు పెరిగేకొద్దీ చిక్కు ముదిరింది. కొట్టు ఖాతా ఒక బ్యాంకులో, కార్డు ఇచ్చింది మరో బ్యాంకు. కొట్టువాడు తన బ్యాంకుకు ఫోన్ చేస్తే, ఆ బ్యాంకు అవతలి బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఈలోపు కొనేవాడు కౌంటరు దగ్గర నిలబడి ఉండాలి. అవతలి ఊళ్లో బ్యాంకు మూసే వేళయితే అంతే సంగతులు.

సియాటిల్‌లోని ఒక బ్యాంకులో పనిచేసే డీ హాక్ ఈ పీటముడి విప్పాడు. పోటీ పడే బ్యాంకులన్నీ కలిసి సొంతదారులుగా ఉండే సంస్థ ఒకటి కావాలని పట్టుబట్టి 1970లో సాధించాడు. 1973లో ఆ సంస్థ కంప్యూటరు ద్వారా అనుమతులిచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. నిమిషాల ఫోను పని నిమిషంలోపుకు దిగింది. 1976లో ఆ సంస్థ వీసా అని పేరు మార్చుకుంది. పోటీదారులు సొమ్ము దగ్గర కలహించుకున్నా, ప్రశ్న ఒకరి నుంచి ఒకరికి చేరే దారి మాత్రం ఉమ్మడిగా ఉండాలని అక్కడ తేలింది. మన దేశం ఇదే పాఠం మూడు దశాబ్దాల తర్వాత హైదరాబాద్‌లో నేర్చుకుంది.

రెండు క్షణాల ప్రయాణం

కార్డు వెనక నల్లటి అయస్కాంత పట్టీ, కొట్లో దాన్ని చదివే యంత్రం వచ్చాక జిప్‌జాప్ మూలకు చేరింది. ‘కార్డు గీకండి’ అనే మాట మన వీధుల్లోకి వచ్చింది. గీకిన క్షణం నుంచి చీటీ బయటికి వచ్చేదాకా ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం.

బీసెంట్ రోడ్డు బట్టల కొట్టులో 2,450 రూపాయల బేరం అయింది అనుకుందాం. యంత్రం ఒక సందేశం కడుతుంది. బ్యాంకులన్నీ ఒకే భాషలో మాట్లాడుకోవడానికి 1987లో ఐఎస్‌ఓ 8583 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం సందేశం తలమీద 0100 అని ఉంటుంది. ‘అనుమతి అడుగుతున్నాను’ అని దాని భావం. తర్వాత కార్డు నంబరు. మొత్తాన్ని పైసల్లోకి మార్చి పన్నెండు అంకెల గడిలో నింపుతారు: 000000245000. ఏ దేశపు డబ్బో చెప్పే సంఖ్య 356, అంటే భారత రూపాయి. ఇది కుటుంబానికంతా బట్టలు అమ్మే కొట్టు అని చెప్పే సంఖ్య 5651. కొట్టు గుర్తు, యంత్రం గుర్తు, సమయం. పిన్ నొక్కితే అది గుప్తలిపిలో ఉంటుంది. మధ్యలో ఎవరు తొంగిచూసినా అసలు అంకెలు కనబడవు.

సందేశం మొదట కొట్టుకు యంత్రం ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. చాలాసార్లు ఆ బ్యాంకు తరఫున ప్రాసెసర్ అనే కంపెనీ ఒకటి ఈ పని చూస్తుంది. లక్షల యంత్రాల సందేశాలు అందుకుని, పరీక్షించి, దారి పెట్టడమే దాని వృత్తి. అక్కడినుంచి కార్డు సంస్థ స్విచ్‌కు. స్విచ్ చేసే పని విజయవాడ జంక్షన్ చేసే పనే. మద్రాసు వైపు నుంచి, విశాఖ వైపు నుంచి, ఢిల్లీ వైపు నుంచి, గుంటూరు వైపు నుంచి వచ్చే ప్రతి బండినీ దాని పట్టాల మీదికి మళ్లించాలి. ఏ పట్టాలో చెప్పేది కార్డు నంబరు మొదటి అంకెలు. 4తో మొదలైతే వీసా, 5తో మొదలయ్యేవి ఎక్కువగా మాస్టర్‌కార్డ్, రూపే కార్డులు చాలావరకు 6తో. మొదటి అంకెలు మరికొన్ని కలిపి చూస్తే కార్డు ఇచ్చిన బ్యాంకు తెలిసిపోతుంది.

ఇక ప్రశ్న కార్డు ఇచ్చిన బ్యాంకు కంప్యూటరు ముందు నిలుస్తుంది. కార్డు నిజమైనదేనా? గడువుందా? పోయిందని ఎవరైనా చెప్పారా? పిన్ సరిపోయిందా? ఖాతాలో సొమ్ముందా, లేదా అరువు పరిమితి మిగిలి ఉందా? పొద్దున ముంబయిలో గీకిన కార్డు గంటలో విజయవాడలో ఎలా ప్రత్యక్షమైంది? పాత కొట్టు యజమాని ఎగాదిగా చూసి మనసులో వేసుకున్న ప్రశ్నలే ఇవి. జవాబు 0110 అనే తలతో తిరుగు ప్రయాణం కడుతుంది. 00 అయితే ఆమోదం, దానితో ఆరు అక్షరాల అనుమతి సంఖ్య. 51 అయితే సొమ్ము చాలదు. 54 అయితే గడువు తీరింది. 55 అయితే పిన్ తప్పు. 05 అయితే కారణం చెప్పకుండా ‘వద్దు’. 91 అయితే అసలు బ్యాంకే పలకలేదు.

ఇదంతా రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన డెల్టా ఆడపడుచు అక్కడి బ్యాంకు కార్డు ఇక్కడ గీకితే ప్రశ్న సముద్రాలు దాటి వెళ్లి ఇంచుమించు అంతే సమయంలో తిరిగొస్తుంది. ఒకనాడు బందరు హుండీకి నెలలు పట్టిన ప్రయాణం అది.

తీగ తెగితే?

ఉప్పెన ఎరిగిన ప్రాంతం మనది. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచెత్తింది. 1990 మే 9న మచిలీపట్నం దగ్గర్లో మరో పెనుతుపాను తీరం దాటింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఊళ్లు రోజుల తరబడి మూగబోయిన అనుభవం ఇక్కడి పెద్దలందరిదీ. తుపాను సంగతి అలా ఉంచితే, రోజువారీ కరెంటు కోతలు, లైను పోవడాలు చాలు ఒక సందేశం దారి తప్పడానికి.

దీనికీ ఏర్పాట్లు చేశారు. కార్డు ఇచ్చిన బ్యాంకు పలకకపోతే, ఆ బ్యాంకు ముందే ఒప్పుకున్న హద్దుల్లో దాని బదులు కార్డు సంస్థే జవాబివ్వచ్చు. అవతల సరే అన్నాక ఆ జవాబు కొట్టుకు చేరకుండా దారిలో పోతే, అనుమతిని రద్దు చేయమంటూ 0400 అనే సందేశం వెంటపడుతుంది. అదీ అందకపోతేనే మనందరికీ తెలిసిన ఆ చిక్కు. ఖాతాలో సొమ్ము తెగిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, కొట్టు యంత్రం మాత్రం ‘ఫెయిల్’ అంటుంది. గుమాస్తా మళ్లీ గీకమంటాడు, కొన్న మనిషి గుండె దడదడలాడుతుంది. ఈ గొడవ దశాబ్దాలు నడిచాక 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది. అలా తెగిన సొమ్ము లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో తనంతట తానే వెనక్కి రావాలి. ఆలస్యమైతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి ప్రతి పాఠకుడూ గుర్తుంచుకోవాలని నా కోరిక. అడిగి తీసుకోవాల్సిన దయ కాదది, రావలసిన హక్కు.

‘సరే’ వేరు, సొమ్ము వేరు

చీటీ మీద ‘అప్రూవ్డ్’ అని పడగానే డబ్బు కొట్టు ఖాతాలో పడిందని చాలామంది అనుకుంటారు. పడదు. ఆ క్షణాన పడింది మాట మాత్రమే. కార్డు ఇచ్చిన బ్యాంకు అంత మొత్తాన్ని పక్కన కట్టిపెడుతుంది. రాత్రి కొట్టు కట్టేసే ముందు యజమాని ‘సెటిల్‌మెంట్ కొట్టావా?’ అని కుర్రాణ్ని అడగడం వెనక సంగతి ఇదే. ఆనాటి అనుమతులన్నీ మూటకట్టి పంపితే, బ్యాంకులు తమలో తాము ఎవరు ఎవరికి ఎంత బాకీయో తేల్చుకుని నికరం చెల్లించుకుంటాయి. ఆ తర్వాతే కొట్టుకు జమ.

ఆ జమలో కోత ఉంటుంది. ఎండీఆర్ అని పిలిచే ఆ కోతలో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. మిగిలింది యంత్రం ఇచ్చిన బ్యాంకు, ప్రాసెసర్, కార్డు సంస్థ పంచుకుంటాయి. విజయవాడ కొట్లలో ఏళ్ల తరబడి వినబడిన ‘కార్డయితే రెండు శాతం ఎక్కువండీ’ అన్న మాట ఇక్కడ పుట్టింది. సన్న లాభం మీద నడిచే వర్తకుడు ఆ కోతను తాను భరించలేక కొనేవాడి మీద వేశాడు. బ్యాంకులేమో నష్టభయం మాది కదా, దానికి వెల ఇది అన్నాయి. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. చివరికి 2012లో రిజర్వ్ బ్యాంకు డెబిట్ కార్డుల కోతకు పరిమితి కట్టింది. అప్పటి హద్దు 2,000 రూపాయల దాకా 0.75 శాతం, ఆపైన 1 శాతం.

హైదరాబాద్‌లో వేసిన కూడలి

మన ప్రాంతంలో కార్డును ఇంటింటి వస్తువు చేసింది కొట్లు కాదు, ఏటీఎంలు. డెల్టా పల్లెల నుంచి విజయవాడ కాలేజీలకు వచ్చి హాస్టళ్లలో ఉండి చదివే పిల్లల్ని తలుచుకోండి. ఒకప్పుడు అవనిగడ్డ నుంచి తండ్రి మనియార్డరు చేస్తే, పోస్టుమాన్ కోసం గుమ్మం దగ్గర ఎదురుచూపులు. తర్వాత ఊళ్లో బ్యాంకులో జమ చేస్తే బెంజి సర్కిల్ దగ్గర కార్డు పెట్టి తీసుకునే రోజు వచ్చింది. అయితే ఒక మెలిక. ఏ బ్యాంకు కార్డు ఆ బ్యాంకు ఏటీఎంలోనే పనిచేసేది. పక్కనే ఇంకో బ్యాంకు ఏటీఎం దీపాలతో మెరుస్తున్నా దానికి ఈ కార్డు పరాయిదే. లక్షలు పోసి పెట్టుకున్న ఏటీఎంను పోటీ బ్యాంకు ఖాతాదారుకు తెరవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

1997లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ముంబయిలో ‘స్వధన్’ పేరుతో ఉమ్మడి ఏటీఎం వ్యవస్థ మొదలుపెట్టింది. కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది. ఆ బాధ్యతను హైదరాబాద్ అందుకుంది. 1996లో రిజర్వ్ బ్యాంకు అక్కడ స్థాపించిన ఐడీఆర్‌బీటీ అనే పరిశోధన సంస్థ, 1999లో బ్యాంకులను ఉపగ్రహం ద్వారా కలిపే ఇన్ఫినెట్ వల వేసింది. 2004 ఆగస్టులో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను తెరిచింది. తొలుత చేరినవి మూడే బ్యాంకులు. తర్వాత ఒకటొకటిగా పోటీదారులంతా చేరారు. ఎందుకంటే చేరినవాడికి దేశంలోని ఏటీఎంలన్నీ తనవే అయ్యాయి, చేరనివాడు తన వీధికే పరిమితమయ్యాడు. 2009 ఏప్రిల్ 1 నుంచి ఏ బ్యాంకు ఏటీఎంలోనైనా ఉచితంగా తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ జోరుకు తట్టుకోలేక బ్యాంకులు మొరపెట్టుకుంటే అక్టోబరులో ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు ఐదుసార్లని హద్దు పెట్టింది.

అదే ఏడాది చివర ఆ స్విచ్ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది. ఇక మిగిలిన పోటీ విదేశీ కార్డు సంస్థలతో. గుడివాడ మనిషి విజయవాడ కొట్లో డెబిట్ కార్డు గీకినా ఆ ప్రశ్న విదేశీ సంస్థ దారిలోనే పోవాలా, ప్రతిసారీ దానికి రుసుము కట్టాలా అన్న వాదన బలపడింది. 2012 మార్చి 26న రూపే కార్డు ఆ వాదన నుంచే వచ్చింది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాక, నాట్లకు వెళ్లే కూలీ తల్లి చేతిలోనూ రూపే కార్డు కనబడింది. 1981 కార్డు నెలజీతం నమ్మకం మీద ఇచ్చింది. 2014 కార్డు ఖాతా ఉంటే చాలని ఇచ్చింది. మధ్యలో ముప్పై మూడేళ్లు.

నష్టం ఎవరి నెత్తిన?

అయస్కాంత పట్టీకి ఒక లోపం. దాని మీద రాసింది ఎప్పుడూ మారదు. ఒకసారి దొంగ యంత్రంలో గీకించి నకలు తీస్తే, నకిలీ కార్డూ అసలు కార్డూ ఒకే మాట చెబుతాయి. బ్యాంకు కంప్యూటరు తేడా పట్టలేదు. మోసం పెరిగినకొద్దీ రిజర్వ్ బ్యాంకు ఒక్కో గడియ బిగిస్తూ వచ్చింది. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కొనుగోలుకు రెండో ధ్రువీకరణ. 2013 డిసెంబరు 1 నుంచి కొట్లో డెబిట్ కార్డుకు పిన్. 2018 చివరికల్లా పాత పట్టీ కార్డుల స్థానంలో చిప్ కార్డులు. చిప్ ప్రతి కొనుగోలుకూ కొత్త రహస్య సంఖ్య తయారుచేస్తుంది. నిన్నటి సంఖ్యను దొంగిలించి ఇవాళ వాడితే చెల్లదు. చిప్‌లో ఉన్న తాళం, బ్యాంకు దగ్గరున్న తాళం కలిస్తేనే లెక్క కుదురుతుంది.

పిన్ వచ్చిన కొత్తలో మన కొట్లలో జరిగింది చెప్పుకుంటే బాధేస్తుంది. యంత్రం కౌంటరు అవతల ఉండేది. కుర్రాడు ‘పిన్ చెప్పండి సార్’ అనేవాడు. కొనేవాళ్లు నలుగురిలో గట్టిగా చెప్పేసేవాళ్లు. అడిగినవాడిలో దురుద్దేశం ఉండేది కాదు, చెప్పినవాళ్లకు ముప్పు తెలిసేది కాదు. వాళ్ల తప్పనలేం. వ్యవస్థ కొత్త తాళం ఇచ్చింది కానీ దాన్ని ఎలా దాచుకోవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఖాతాదారు బాధ్యతను నిర్వచించింది. తన తప్పు లేకుండా మూడోవాడి చేతిలో మోసం జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం ఖాతాదారుది కాదు. కానీ పిన్ తానే చెప్పుకుంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా అతనిదే.

నలభై ఏళ్ల కథ ఈ గీత చుట్టూ తిరిగిందని నా నమ్మకం. ఖాతా పుస్తకం నాడు ‘సరే’ అన్నదీ నష్టపోయిందీ కొట్టు యజమానే. కార్డుతో ‘సరే’ అనే అధికారం దూరపు బ్యాంకుకు పోయింది. అధికారంతో పాటు నష్టం కూడా అక్కడికే పోవాలి. పోతున్న కొద్దీ జనం కార్డును నమ్మారు, పోనివ్వకుండా కొట్టు మీదో కొన్నవాడి మీదో నెట్టిన చోట వెనకడుగు వేశారు. వేగం యంత్రాలు తెచ్చి ఉండవచ్చు. నమ్మకం తెచ్చింది మాత్రం తప్పు జరిగితే ఎవరు భరిస్తారో స్పష్టంగా రాసిన నియమాలే. అందులో ఇంకా రాయాల్సింది చాలా ఉంది.

1981లో కార్డు తెచ్చిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బందరులో వెలిగిన ఆ పేరు బోర్డుల మీద నుంచి దిగిపోయింది. అయితే అంతకు మూడున్నరేళ్ల ముందే డెల్టా మరో కుదుపు చూసింది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. సార్వా కోతల వేళ కూలీలకు ఇవ్వడానికి రైతు చేతిలో చెల్లే నోటు లేదు. స్వైపింగ్ మిషన్ కోసం కొట్లు బ్యాంకుల ముందు బారులు తీరాయి. డిజిటల్ చెల్లింపులపై ముఖ్యమంత్రుల కమిటీకి చంద్రబాబు నాయుడు సారథి అయ్యారు. అదే ఏడాది చడీచప్పుడు లేకుండా మొదలైన యూపీఐ, కార్డునూ యంత్రాన్నీ పక్కకు నెట్టి ఒక కాగితం మీది నలుపు తెలుపు గడులతో పుచ్చకాయల బండి దాకా ఎలా చేరింది? రెండు శాతం కోత ఏమైంది? ‘సరే’ అనే అధికారం ఈసారి ఎవరి చేతికి మారింది? ఆ కథ వచ్చే భాగంలో.